తిరుగు గంట

జమున పొద్దున ఐదింటికే లేస్తుంది. ఈ మాట ముందుగానే చెప్పేస్తున్నాను. ఎందుకంటే డ్యూటీకి ఆలస్యంగా వచ్చే మనిషి అనగానే జనం ముసుగుతన్ని పడుకున్న మనిషిని ఊహించుకుంటారు. ఆ పప్పులు ఇక్కడ ఉడకవు. గోదావరిఖని పాత కాలనీలో, వాళ్ల క్వార్టర్ల లైను మొత్తంలో కోడి కంటే ముందు కళ్లు తెరిచేది జమునే. చిక్కంతా లేచిన తర్వాత వస్తుంది.

ఏడింటికి బాయి మీద మస్టర్ పడాలి. ఇక్కడివాళ్లు బొగ్గు గనిని బాయి అంటారు, హాజరును మస్టర్ అంటారు. ఏడూ పదికి మస్టర్ కిటికీ మూసేస్తారు. ఆ తర్వాత ఎంత ఏడ్చి మొత్తుకున్నా ఆ రోజు నాగా కిందే లెక్క. బాయి స్కూటీ మీద ఇరవై నిమిషాల దూరం. అంటే చేతిలో నిక్షేపంలాంటి గంటన్నర ఉంటుంది. మీరూ నేనూ అయితే ఈపాటికి స్నానం చేసి, డబ్బా కట్టుకొని, వీధి చివర ఇంకో టీ తాగి మరీ పోతాం. జమున ఏం చేస్తుందంటే, పళ్లు తోముకుంటూ అద్దం మీద మరక చూస్తుంది. తుడవడానికి గుడ్డ కోసం బీరువా తెరుస్తుంది. అందులో అమ్మ పాత చీర కనిపిస్తుంది, దాని అంచు ఊడి ఉంటుంది. సూదీ దారం తీస్తుంది. ఏడింటికి చూస్తే చీర అంచు ముచ్చటగా కుట్టి ఉంటుంది, అద్దం మీద మరక మాత్రం అలాగే ఉంటుంది, నోట్లో బ్రష్షూ అలాగే ఉంటుంది.

పనిలోకి దిగిందా, ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె ఉద్యోగం ల్యాంప్ రూములో. గనిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలు అక్కడే ఛార్జింగ్ అవుతాయి. షిఫ్టు మొదట్లో రెండు వందల మంది కిటికీ ముందు ఎగబడతారు. ఎవరూ నంబరు చెప్పక్కర్లేదు, మొహం కనిపిస్తే చాలు, జమున చెయ్యి సరిగ్గా ఆ మనిషి ల్యాంపు మీద ఉంటుంది. వెలుగు కాస్త మసకబారినా పట్టేసి పక్కన పెడుతుంది. ఆమె చేతి ల్యాంపు నడిమధ్యలో మోసం చెయ్యదని కార్మికులకు గురి. కాకపోతే ఆ చెయ్యి వారానికి ఒకటి రెండు రోజులు కిటికీ దగ్గర ఉండదు. అదీ గొడవ.

ఆ కొలువు నిజానికి ఆమె తండ్రి ఆగయ్యది. ఆయన ముప్పై రెండేళ్లు హాలేజీ ఆపరేటర్‌గా చేశాడు. గని లోపలి నుంచి బొగ్గు టబ్బులను ఉక్కు తాడుతో పైకి లాగే యంత్రం ఆయన చేతి కింద ఉండేది. ఊపిరితిత్తులు పాడై ఇక పనికి రాడని డాక్టర్లు తేల్చాక, ఉన్న ఒక్క బిడ్డకు ఆ కొలువు ఇప్పించాడు. ముప్పై రెండేళ్లలో ఒక్క నాగా పెట్టని మనిషి. ఆయన పేరు చెబితే బాయి మీద ఇప్పటికీ కుర్చీ వేస్తారు. అలాంటి మనిషి బిడ్డకు ఏడాదిలో డెబ్బై ఎనిమిది నాగాలు.

చిన్నప్పుడు జమున ఇలా ఉండేది కాదని ఆగయ్య అనేవాడు. అది తప్పు, చిన్నప్పుడూ ఇలాగే ఉండేది. కాకపోతే అప్పుడు వీధి వెనక ఉన్న పాత బాయి సైరన్ షిఫ్టు షిఫ్టుకూ కూసేది. వంటింట్లోంచి అమ్మ అడుగడుగునా కేకేసేది, నీళ్లు చల్లారుతున్నయని, జడ వేసుకొమ్మని, బస్సు వచ్చిందని. పాత బాయి మూతపడి సైరన్ ఆగిపోయింది. ఆ మరుసటేడు అమ్మ పోయింది. అప్పటిదాకా పిల్లను నడిపించింది ఆ రెండు గొంతులేనని ఎవరికీ తట్టలేదు. జమునకు కూడా తట్టలేదు. తనకు బుద్ధి లేదని, అంతేనని అనుకుంది.

చివరికి కంపెనీ వాళ్లు కౌన్సెలింగ్‌కు పిలిచారు. నాగాలు ఎక్కువైనవాళ్లను ఇంటివాళ్లతో సహా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ గదిలో ఏడుగురు మగవాళ్లు, వాళ్ల పక్కన కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న ఏడుగురు భార్యలు ఉన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు చివర జమున, ఆమె పక్కన తండ్రి. సంక్షేమాధికారి లింగమూర్తి అలవాటుకొద్దీ తాగుడు సంగతి అడగబోయి నాలుక కరుచుకున్నాడు. పొద్దున ఏం చేస్తావమ్మా అని మాత్రం అడిగాడు. జమున అద్దం, బీరువా, చీర అంతా ఉన్నదున్నట్టు చెప్పింది. భార్యలు ఏడుపు ఆపి నవ్వారు. లింగమూర్తి నవ్వలేదు. తన అక్క కొడుకుకూ ఇలాగే ఉండేదని, కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ ఉందని చీటీ మీద పేరు రాసిచ్చాడు. చీటీ ఇచ్చినా షరతు షరతే. వచ్చే మూడు నెలలు, నెలకు ఇరవై మస్టర్లు తగ్గకుండా పడాలి. ఏ నెలలో ఒక్కటి తగ్గినా కొలువు ఉండదు.

ఇంటివాళ్లుగా మీరేమంటారని అడిగితే ఆగయ్య లేచి నిలబడ్డాడు.

"ముప్పై రెండేండ్లు ఒక్క నాగా పెట్టలే సార్. నా కొలువు ఈ పిల్లకిచ్చి తప్పు చేసిన."

జమున ఆ మాట విన్నది. తండ్రిని స్కూటీ వెనక ఎక్కించుకొని ఇంటికి తెచ్చింది. కొలువు పోతుందన్న భయం కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ కోసింది.

కరీంనగర్ డాక్టరమ్మ రెండు గంటలు ప్రశ్నలడిగి, ధ్యాస ఇలా పక్కదారులు పట్టడాన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది. బద్ధకమూ కాదు, బుద్ధిలేనితనమూ కాదంది. "అందరికీ లోపల ఒక గడియారం ఉంటుంది. మీకు లేదనుకోండి. లేనిదాన్ని తిట్టి ఏం లాభం? బయట పెట్టుకోండి" అంది. మాత్రలు రాసి, పనికొక అలారం పెట్టుకొమ్మంది. ఇరవై తొమ్మిదేళ్లుగా తన్ను తాను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి జమునకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బస్సులో అలారాలు పెట్టడం మొదలుపెట్టి, సుల్తానాబాద్ దాటేసరికి పదిహేడు పెట్టింది. బ్రష్షుకొకటి, స్నానానికొకటి, స్నానంలోంచి బయటికి రావడానికి ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో మోత.

మర్నాటి నుంచి లైనంతా ఒకటే నవ్వులు. పక్క క్వార్టర్ సమ్మవ్వ అయితే, మీ ఇంటికి రైలెప్పుడొస్తదే అని ఆటపట్టించేది. నవ్వితే నవ్వారు గానీ, ఇల్లు అలకగానే పండగ కాదని నాలుగు రోజుల్లోనే తేలింది. అలారం మోగేది, జమున బొటనవేలు పోయి దాన్ని నొక్కేది. నొక్కిన సంగతి వేలికి తెలుసు, జమునకు తెలియదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు పదిహేడు అలారాలూ కురిసి వెలిసేవి. రెండు వారాల్లో నాలుగు నాగాలు పడ్డాయి.

ఆగయ్య వరండాలో ప్లాస్టిక్ వైరు కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ ఉన్నాడు. కౌన్సెలింగ్ నాటి నుంచి బిడ్డతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. నాలుగో నాగా నాడు మాత్రం పిలిచాడు.

"గా అలారం మోగింది గద. నువ్వేం జవాబిచ్చినవ్?"

"బంద్ చేసిన బాపు."

"బంద్ చేసుడు జవాబెట్లయితది?"

అప్పుడు చెప్పాడు తన హాలేజీ సంగతి. గని లోపల కిలోమీటరు దూరంలో ఉన్నవాళ్లు తీగ లాగితే పైన ఇంజను గదిలో గంట మోగుతుంది. ఒకటి మోగితే ఆపాలి, రెండు మోగితే దింపాలి, మూడు మోగితే లాగాలి. గంట వినగానే లివర్ మీద చెయ్యి వేస్తే ఆపరేటర్ కాదు, హంతకుడు. ఎన్ని మోగాయో అన్నే తిరిగి కిందికి కొట్టాలి. లోపలివాళ్లకు తమ గంట తమకు తిరిగి వినిపించాకే తాడు కదలాలి.

"ఇన్నంత మాత్రాన ఇన్నట్టు గాదు బిడ్డా. తిరిగి కొడితెనే ఇన్నట్టు" అన్నాడు.

మర్నాడు ఆయాసపడుతూనే చౌరస్తాకు పోయి రెండు సైకిల్ గంటలు కొనుక్కొచ్చాడు. ఒకటి తన కుర్చీ చేతికి, ఇంకొకటి వంటింటి కిటికీకి బిగించాడు. వంటింటి గోడ మీద సుద్దతో రాశాడు. ఒకటి అంటే ఆపు, చేతిలో ఏమున్నా సరే. రెండు స్నానం, మూడు డబ్బా, నాలుగు గడప దాటుడు. ఫోను జమున దగ్గర ఉండకూడదు, వరండాలో ఆయన దగ్గరే ఉండాలి. అలారం మోగితే ఆయన గంట కొడతాడు. ఆ పని పూర్తయ్యాక జమున అన్నే తిరిగి కొట్టాలి. జవాబు రాకపోతే ఆయన ఒక్కటి కొడతాడు. అంటే మరక తుడుస్తున్నావో, చీర కుడుతున్నావో, ఆపు.

ఎంత చక్కగా పనిచేసిందో చెబితే మీరు నమ్మరు. మోగేది ఫోను అయితే వేలితో నొక్కెయ్యొచ్చు గానీ, అవతల జవాబు కోసం కాచుకున్న మనిషిని ఏ వేలితో నొక్కుతారు? రెండు మోగేవి, తలుపు చప్పుడయ్యేది, నీళ్ల చప్పుడయ్యేది, కాసేపటికి వంటింట్లోంచి రెండు తిరిగి మోగేవి. ఆరున్నరకు నాలుగు కొట్టి, నాలుగు తీసుకొని, స్కూటీ వీధి మలుపు తిరిగేది. మొదటి నెల ఇరవై ఒక్క మస్టర్లు పడ్డాయి. రెండో నెల ఇరవై ఐదు. నవ్విన నాపచేనే పండిందని చెప్పాలా?

ఆగయ్య సంబరం చూడాలి అసలు. ఐదింటికే మొహం కడుక్కొని, ఉతికిన చొక్కా తొడుక్కొని కుర్చీలో కూర్చునేవాడు. డాక్టర్లు పనికి రాడన్న మనిషికి మళ్లీ మొదటి షిఫ్టు పడింది. లైనుకు కూడా అలవాటైపోయింది. సైరన్ పోయిన దగ్గర్నుంచి ఎవరి గడియారం వారిదైన ఇళ్లలో, రెండు మోగితే సమ్మవ్వ పొయ్యి మీద టీ పెట్టేది, మూడు మోగితే ఎదురింటి జైపాల్ బూట్లు వెతుక్కునేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎవరూ అనలేదు.

మూడో నెలలో మొదలైంది అసలు పరీక్ష. ఆ నెలకు ఇరవై ఆరు పని దినాలు. జ్వరం ఐదింటిని మింగింది. కంపెనీ దవాఖానకు పోయి సిక్ రాయించుకుంటే ఆ ఐదూ లెక్కలో సర్దుకునేవి. ఆ సంగతి జమునకు ఆరో రోజు గుర్తొచ్చింది. తండ్రికి చెబితే తిట్టలేదు, గోడ మీద నాలుగు కింద ఇంకో వరుస రాశాడు, ఐదు అంటే సిక్ అని. మిగిలింది ఒక్క నాగాకే చోటు. ఆ ఒక్కదాన్ని పాల సదయ్య మింగాడు.

పాపం అతని తప్పేమీ లేదు. రోజూ ఏడు దాటాక వచ్చేవాడు. ఆ రోజు ఊళ్లో పెళ్లి ఉందని గంట ముందే వచ్చి, గేటు ముందు సైకిల్ ఆపి, ట్రింగ్‌మని ఒక్కటి కొట్టాడు. వంటింట్లో జమున అన్నం గరిటె డబ్బాలోకి వంచబోతూ ఠక్కున ఆగింది. ఒకటి అంటే ఆపు. తర్వాతి గంట కోసం చూసింది. అటు ఆగయ్య దగ్గు మందు తాగి కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు, అలారం ఆయన ఒళ్లో మోగి మోగి ఊరుకుంది. గరిటె పట్టుకొని నిలబడ్డ జమునకు గోడ మీద ఒకటి అంకె సగం చెరిగినట్టు కనిపించింది. సుద్దముక్క తీసి దిద్దింది. ఒకటి దిద్దాక రెండు వంకరగా అనిపించింది. బాయి చేరేసరికి ఏడూ పద్నాలుగు.

సంగతి తెలిసి సదయ్య తల పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల నుంచి పాలు పోస్తున్న ఇల్లు మరి. ఆ సాయంత్రమే సైకిల్ గంటకు గుడ్డ చుట్టేశాడు. అప్పట్నుంచి గేటు ముందు గొంతు సవరించుకోవడమే. జమున అది చూసి పడీ పడీ నవ్వింది గానీ, నవ్వాక లోపలికి పోయి క్యాలెండర్ ముందు నిలబడింది. ఇక ఆ నెలలో ఒక్క రోజు కూడా పోకూడదు.

పోలేదు. ఒక్కొక్కటే పడుతూ పంతొమ్మిది దాకా వచ్చింది. ఇరవయ్యోది నెల చివరి రోజు. సరిగ్గా దాని ముందు రోజే ఆగయ్యకు కంటి శుక్లం ఆపరేషన్ తేదీ పడింది. ఆరు నెలలు కాచుకున్న తేదీ అది. ఆయన పోనన్నాడు, వచ్చే నెల చూద్దామన్నాడు.

"నీ కన్ను కంటె నా మస్టర్ ఎక్కువనా బాపు? నువ్వు పో. నేను పోత" అంది జమున.

ఆయన పోయాడు. తోడుకు వాళ్ల మేనల్లుడు ఒకాయన వచ్చాడు. ఆటో ఎక్కేముందు ఆగయ్య కుర్చీ గంటను ఒకసారి తుడిచాడు గానీ, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఇది నేను ప్రత్యేకంగా చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున, అంటే ఆ చివరి రోజు, జమున నియమం తప్పకుండా ఫోనును ఖాళీ కుర్చీలోనే పెట్టింది. ఐదున్నరకు అలారం మోగింది. గంట కొట్టేవాళ్లు లేరు, తనే వరండాలోకి వచ్చి ఆపింది. ఆపుతుంటే కుర్చీ వీపు దగ్గర వైరు తెగి వేలాడుతూ కనిపించింది. బాపు రేపు వచ్చి ఒరిగితే గుచ్చుకుంటుంది కదా అనుకుంది. కింద కూర్చుంది. ఒక వైరు ముడేస్తే పక్కది వదులైంది, దాన్ని బిగిస్తే కింది వరుస వంకరపోయింది. ఇంకో అలారం మోగింది, వేలు పోయి నొక్కింది. ఇంకోటి మోగింది, వేలు నొక్కింది. ఆరు దాటింది. జమున కుర్చీ మీద వంగి, నోట్లో వైరు కొస పట్టుకొని, ఎంతో శ్రద్ధగా తన కొలువు పోగొట్టుకుంటోంది.

ఠంగ్.

పక్క క్వార్టర్ నుంచి వచ్చింది. కంచం మీద గరిటె దెబ్బ. ఒక్కటే.

జమున చేతులు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. సమ్మవ్వ వంటింటి కిటికీ మాత్రం తెరిచి ఉంది. ఆ కిటికీలోంచి ఈసారి రెండు వినిపించాయి. ఠంగ్, ఠంగ్.

స్నానం. జమున వైరు వదిలేసి లోపలికి పరుగెత్తింది. నాలుగు చెంబులు పోసుకొని, తడి జుట్టుతోనే వంటింటి గంట రెండు కొట్టింది. వెంటనే ఎదురింట్లోంచి జైపాల్ స్కూటర్ హారన్ మోగింది, మూడుసార్లు. డబ్బా. అన్నం, పచ్చిపులుసు, వేయించిన మిరపకాయలు, మూత. మూడు కొట్టింది. చెప్పులు తొడుక్కుంటుంటే, ఇప్పుడు నాలుగు ఎవరు కొడతారా అని చెవులు రిక్కించింది. భయంతో కాదు, అచ్చంగా సంతోషంతో.

గేటు బయట సదయ్య ఉన్నాడు. ఆ రోజూ గంట ముందే వచ్చాడు, ఈసారి పెళ్లేమీ లేదు. సైకిల్ స్టాండు వేసి, గంటకు చుట్టిన గుడ్డ విప్పి, జేబులో పెట్టుకొని, లెక్కపెట్టుకుంటూ కొట్టాడు. నాలుగు. కొట్టి జమున మొహంలోకి అనుమానంగా చూశాడు.

"సరిగనే కొట్టిన్నా బిడ్డా?"

జవాబుగా జమున స్కూటీ హారన్ నాలుగు కొట్టింది. లైను చివరిదాకా ఎవరి వాకిట్లో వాళ్లు నిలబడి ఉన్నారు, ఏ పనీ లేనట్టు, ముగ్గులు చూసుకుంటున్నట్టు. మూడు నెలలు విన్న చెవులు మరి. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అవతల గంటకు జవాబు రాకపోతే ఊరుకోకూడదని బాయి ఇళ్లలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా?

ఆరూ యాభై ఐదుకు మస్టర్ పడింది. ఇరవై. కిటికీ అవతలి క్లర్కు కూడా నవ్వాడు. జమున ల్యాంప్ రూము గుమ్మం దగ్గర నిలబడి దవాఖానకు ఫోను చేసింది. మేనల్లుడు ఫోను తీసి ఆగయ్య చెవి దగ్గర పెట్టాడు. ఆయన కంటికి ఇంకా కట్టు ఉంది.

"పడ్డదా?"

"పడ్డది బాపు."

"గంట ఎవలు కొట్టిండ్రు?"

"లైనంత కొట్టింది."

అవతల కాసేపు దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని జమునకు తెలుసు.

"ఆ దినం ఆఫీసుల ఒక మాటన్న. నా కొలువు నీకిచ్చి తప్పు చేసిన అని."

"గిప్పుడెందుకు బాపు అవన్నీ."

"గా మాటకు ఒక్కటి కొడుతున్న. ఇను."

దవాఖాన మంచం ఇనుప పట్టీ మీద ఠంగ్‌మని ఒక్క దెబ్బ వినిపించింది. తిరుగు గంట వచ్చేదాకా ఆయన కదలడు, ముప్పై రెండేళ్ల అలవాటు. జమున కళ్లు తుడుచుకొని, ఫోను కిటికీ దగ్గరగా పట్టుకొని, స్కూటీ తాళంతో ఇనుప చువ్వ మీద ఒక్కటి కొట్టింది.

అప్పటికే కిటికీ ముందు జనం చేరారు. ముందు నిలబడ్డతను ఆమె మొహం చూసి, ఏమైందక్కా అని అడిగాడు. ఏమీ కాలేదని చెప్పి, రెండు వందల పదమూడో నంబరు ల్యాంపు తీసి, వెలిగించి చూసి, అతని చేతిలో పెట్టింది.